లివర్ ముట్టుకోకుండానే మారే గేరు

ఒరేయ్ చిన్నోడా,

సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే గేరు దానంతటదే మారిపోయిందనీ, కాలు జర్రున జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుందనీ రాశావు. రెండ్రోజులు సైకిలెక్కకు. వెనక డిరైలర్ (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపేది) మీద ఉన్న ఆ రెండు చిన్న స్క్రూల జోలికి మాత్రం అస్సలు పోకు. ఇప్పటికే తిప్పేసుంటావని నా అనుమానం, నీ సంగతి నాకు తెలీదా! చైను ఒక చివర చువ్వల్లోకీ రెండో చివర ఫ్రేమ్‌ వైపుకీ పడిపోకుండా ఆపే హద్దులవి. మధ్య గేర్లు దూకడానికీ వాటికీ సంబంధం లేదు.

ముందు నాకొకటి చెప్పు. దూకినప్పుడు చైను పక్క పళ్ళచక్రం మీదికి పోయిందా, లేక ఉన్న చక్రం మీదే పన్ను దాటి జారిందా? దూకిన తర్వాత తొక్కుడు బరువు మారకపోతే జారినట్టు లెక్క. అది అరుగుదల జబ్బు. స్టీలు స్కేలు పెట్టి చైను కొలువు. కొత్త చైనులో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. అది మిల్లీమీటరున్నర సాగిందంటే నీ 11 గేర్ల బండికి చైను మార్చే వేళయినట్టే.

గేరు నిజంగానే మారుతోందంటే నేను మొదట అనుమానించేది నీ బస్సు ప్రయాణాన్ని. హైదరాబాద్ నుంచి తెచ్చినప్పుడు సైకిల్‌ని డిక్కీలో ఏ పక్కకి పడుకోబెట్టారు? కుడి పక్కకైతే మీద పడ్డ సామాన్ల బరువంతా డిరైలర్ మోసుంటుంది. దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం ముక్క, ఇట్టే వంగుతుంది. వెనక కూర్చుని ఒక కన్ను మూసి చూడు. చైను ఉన్న పళ్ళచక్రం, దాని కింది రెండు బుల్లి చక్రాలు ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలి. కింది చక్రం చువ్వల వైపు ఒరిగిందంటే దొంగ దొరికాడన్నమాట. చేత్తో వంచి సరిచేద్దామనుకోకు. 11 గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక పళ్ళచక్రాల గుత్తిలో, చక్రానికీ చక్రానికీ మధ్య ఎడం నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కంటి అంచనా చాలదు. హ్యాంగర్ గేజ్, అంటే దాని వంపు కొలిచే పనిముట్టు, ఉన్న షాపుకే తీసుకెళ్ళు. అలాగే నీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి కొని సంచిలో పడేసుకో, అవి ఒక ఫ్రేమ్‌వి ఇంకోదానికి పట్టవు.

హ్యాంగర్ తిన్నగానే ఉంటే ఇక లివర్ నుంచి డిరైలర్‌కి వచ్చే కేబుల్. మీ బీచ్ గాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో నీకే తెలుసు. డిరైలర్ దగ్గర వంపు తిరిగే ఆఖరి అవుటర్ (కేబుల్ మీది గొట్టం) ముక్క, పెడల్ ఇరుసు కిందున్న గైడు, ఈ రెండు చోట్లా కేబుల్ పట్టేస్తుంది. సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టి పెడల్ తిప్పుతూ హ్యాండిల్‌ని అటూ ఇటూ పూర్తిగా మళ్ళించు. గేరు కదిలిందంటే అవుటర్ పొట్టిగా ఉన్నట్టు. ఒకసారి నా బండికి ఓ షాపువాడు గేరు అవుటర్ లేదని బ్రేకు అవుటర్ తగిలించాడు. దాని లోపలి తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, నొక్కుకుపోతుంది. గేరు అవుటర్‌లో తీగలు నిలువుగా సాగి ఉంటాయి, అందుకే పొడవు మారదు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాన్లే. మూడు వారాలు రోజూ పొద్దున్నే కేబుల్ బిగించడం, సాయంత్రానికి మళ్ళీ అదే గోల. చివరికి లివర్ మీది రబ్బరు తొడుగు వెనక్కి మడిచి చూస్తే, కేబుల్ తల దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగిపోతున్నాయి! కేబుల్ సాగుతోందనుకున్నాను, నిజానికి తెగుతోంది. నువ్వూ అక్కడ చూడు. ఒక్క పోగు లేచి కనబడినా కేబుల్ మార్చెయ్. పూర్తిగా తెగితే ఆ తల లివర్ లోపలే ఇరుక్కుంటుంది, పట్టకారుతో లాగలేక చస్తావు.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే డిరైలర్ వెనకున్న బ్యారెల్ (కేబుల్ బిగువు సర్దే చిన్న మర) తిప్పు. చైను పెద్ద చక్రం ఎక్కడానికి మొరాయిస్తే పావు చుట్టు అపసవ్యంగా, అంటే కేబుల్ బిగిసేలా. చిన్న చక్రానికి దిగడానికి మొరాయిస్తే సవ్యంగా పావు చుట్టు. 1984లో షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ గేర్ల సెట్‌లో క్లిక్కుమనే లివర్లు రాకముందు తొక్కేవాళ్ళే చెవితో విని లివర్‌ని సర్దుకునేవారు. ఇప్పుడు ఆ పని క్లిక్కు మీద వదిలేశాం, కేబుల్ కాస్త తేడాగా ఉన్నా క్లిక్కుకి తెలీదు.

క్యాసెట్‌ని కూడా చేత్తో పట్టి ఊపి చూడు, కదలకూడదు.

ఆదివారం లోపు వెనక నుంచి తీసిన ఫోటో ఒకటి పంపు. చక్రం నిటారుగా, ఫోను ఇరుసు ఎత్తులో ఉండాలి. పోయినసారిలా పక్క నుంచి తీసి పంపకు.

నీ మామయ్య