ఆపరేషన్ అయి ఏడాదిన్నర... ఇంకా ప్యాడ్లేనా?

ప్రశ్న: నా వయసు 66. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి ఏడాదిన్నర అయింది. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఫలితం బాగానే ఉందన్నారు. కానీ దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారిపోతోంది. రోజుకు మూడు ప్యాడ్లు మారుస్తున్నాను. రాత్రి పడుకుంటే ఇబ్బంది లేదు. నీళ్లు బాగా తగ్గించాను. నలుగురిలోకి వెళ్లాలంటే టెన్షన్. ఇక సర్దుకుపోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. ‘ప్రాణం దక్కింది, ఇంకేం అడుగుతాం’ అనుకుని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోని వాళ్లను చాలామందిని చూశాను. ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే దీనికి వైద్యం ఉంది.

మూత్రాన్ని ఆపే కండరాలు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మూత్రాశయం మెడ దగ్గర. ప్రొస్టేట్‌ను తీసేటప్పుడు దాని పని చాలావరకు పోతుంది. భారమంతా కింది కండరం మీద పడుతుంది. పడుకున్నప్పుడు అది తట్టుకుంటుంది కానీ, లేచినా దగ్గినా పొట్టలో పెరిగే ఒత్తిడికి ఆగలేదు. మీరు చెప్పిన తీరు ఇలాగే ఉంది. ఆపుకోలేనంత తొందరగా వస్తుంటే మాత్రం డాక్టర్‌కి విడిగా చెప్పండి, దానికి మాత్రలున్నాయి.

నీళ్లు మామూలుగా తాగండి. మూత్రం చిక్కబడితే మూత్రాశయానికి మంట పెరుగుతుంది, మలబద్ధకం కూడా వస్తుంది. తగ్గించాల్సింది కాఫీ, టీ.

కీగెల్ వ్యాయామాలు చేసే ఉంటారు. చాలామంది పొట్టో పిరుదులో బిగిస్తారు. బిగించాల్సింది గాలి పోకుండా ఆపుకునే లోపలి కండరాన్ని, అదీ ఊపిరి బిగబట్టకుండా. లేవబోయే ముందు, దగ్గు రాబోయే ముందు బిగించడం అలవాటు చేసుకోండి. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి సరిదిద్దితే మంచిది. అయితే కోలుకోవడం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది. కాబట్టి ‘వ్యాయామాలు చేస్తూ ఉండండి’ అన్న ఒక్క మాటతో ఇప్పుడు తిరిగి వచ్చేయకండి.

ఒక రోజంతా వాడిన ప్యాడ్లను తూచి, అన్నే పొడి ప్యాడ్ల బరువు తీసేయండి. మిగిలిన ఒక్కో గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కతో ఇలాంటి ఆపరేషన్లు చేసే యూరాలజిస్టును కలవండి. మూత్రనాళం ఎక్కడైనా కుంచించుకుందేమో ముందు కెమెరాతో చూస్తారు. లీకు తక్కువైతే మూత్రనాళానికి ఊతంగా స్లింగ్ అనే పట్టీ వేస్తారు. ఎక్కువైతే కృత్రిమ స్ఫింక్టర్, అంటే మూత్రాన్ని ఆపే కండరం పని చేసిపెట్టే పరికరం అమరుస్తారు. ఇందులో మూత్రనాళం చుట్టూ చిన్న పట్టీ, వృషణాల సంచిలో పంపు ఉంటాయి. పంపు నొక్కితే పట్టీ వదులై మూత్రం వస్తుంది, కొద్ది నిమిషాల్లో అదే మళ్లీ బిగుసుకుంటుంది. అమర్చిన ఆరు వారాలకు దాన్ని పనిచేయిస్తారు. కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. చాలామందికి పూర్తిగా పొడిగా కాకపోయినా, రోజుకు ఒక ప్యాడ్‌తో సరిపోయేంత మార్పు వస్తుంది. రేడియేషన్ తీసుకుని ఉంటే తప్పక చెప్పండి, అప్పుడు ఇబ్బందులు ఎక్కువ. కృత్రిమ స్ఫింక్టర్ అమర్చాక ఎక్కడ చికిత్సకు వెళ్లినా ముందే చెప్పాలి. దాన్ని ఆపకుండా మూత్రపు గొట్టం వేస్తే నాళం దెబ్బతింటుంది.

ఈలోగా ధార సన్నబడినా, మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా ఆగకుండా వెంటనే చూపించుకోండి.