గాలిపటం మీద పిడుగు పడలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎగరేసిన గాలిపటం మీద పిడుగు పడిందని, తాళంచెవిలోంచి నిప్పురవ్వలు వచ్చాయని ఎక్కడో చదివి, "మరి ఆయన చచ్చిపోలేదా?" అని అడిగాడు. నాకేం చెప్పాలో తోచలేదు. నాదీ ఒక సందేహం. భవనాల మీద పెట్టే మెరుపు కడ్డీ, పిడుగును పిలిచి మరీ నెత్తిన వేసుకున్నట్టు కాదా? అసలు కరెంటును కనిపెట్టింది ఫ్రాంక్లినేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ అబ్బాయి అడిగిన ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. అడిగి ఉంటే ఇరుక్కుపోయేవాణ్ణి. ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన కొత్తలో నేనూ బోర్డు మీద గాలిపటం బొమ్మ గీసి, దాని మీద వంకరటింకర గీతతో పిడుగు పడేసేవాణ్ణి. పిల్లలకు ఆ బొమ్మ భలే నచ్చేది. కాకపోతే అది తప్పు.

గాలిపటం మీద పిడుగు పడలేదు. పడి ఉంటే ఫ్రాంక్లిన్ కథ 1752 జూన్‌లోనే, ఫిలడెల్ఫియాలోనే ముగిసేది. ఆయన పట్టు రుమాలుతో గాలిపటం చేశాడు. కాగితమైతే వానకు ఆగదు కదా. పైకొసన అడుగు పొడవున మొనదేలిన తీగ పెట్టాడు. కిందికి మామూలు నార తాడు. ఆ తాడు చివర పట్టు రిబ్బను కట్టి, రెండూ కలిసేచోట తాళంచెవి వేలాడదీశాడు. చేత్తో పట్టుకున్నది తాడును కాదు, రిబ్బనును. అది తడవకుండా తాను చూరు కింద నిలబడ్డాడు. ఉరుముల మబ్బు దగ్గరికొస్తే చాలు, పిడుగు పడకపోయినా దాని ప్రభావానికి తాడులో విద్యుదావేశం చేరుతుంది. తాడు నూగు నిక్కబొడుచుకుంది. తాళంచెవి దగ్గర వేలి కణుపు పెడితే చిటుక్కున రవ్వ వచ్చింది. జరిగింది ఇంతే.

ఆ రవ్వ కొత్తదేమీ కాదు. అప్పటికే లేడెన్ జాడీ అనేది ఉంది. గాజు జాడీకి లోపలా బయటా లోహపు రేకు ఉంటుంది, మధ్యలో గాజు అడ్డం. రాపిడితో పుట్టించిన ఆవేశాన్ని అందులో దాచేవాళ్లు. దాని దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి ల్యాబ్‌లో పచ్చడి జాడీకి అల్యూమినియం రేకు చుట్టి తయారుచేశాను. "ఇప్పుడు దీన్ని ముట్టుకోకూడదు" అని చెబుతూనే ముట్టుకున్నాను. చాక్‌పీసు ఎగిరి ముందు బెంచీలో పడింది. మోచేయి దాకా జివ్వుమంది. క్లాసంతా నవ్వు. ఫ్రాంక్లిన్‌కు ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. 1750 డిసెంబరులో రెండు పెద్ద జాడీల కరెంటుతో టర్కీ కోడిని చంపబోయి, ఆ కరెంటంతా తన ఒంట్లోంచి పోనిచ్చుకున్నాడు.

జాడీలో రవ్వ, ఆకాశంలో మెరుపు ఒకటేనా అన్నది ఆయన ప్రశ్న. దానికి మొదటి సాక్ష్యం ఆయన చేతికి రాలేదు, ఫ్రాన్స్‌లో దొరికింది. ఫ్రాంక్లిన్ రాసిపెట్టిన పద్ధతి ప్రకారం దాలిబార్ అనే ఆయన మార్లీ అనే ఊళ్లో 40 అడుగుల ఇనుప కడ్డీ నిలబెట్టించాడు. భూమికి తగలకుండా దాని కింద వైను సీసాలు పెట్టారు! 1752 మే 10న మబ్బు పట్టేసరికి దాలిబార్ ఊళ్లో లేడు. కాపలా ఉన్న ఒక మాజీ సైనికుడే రవ్వలు రప్పించి, ఊరి చర్చి ఫాదర్‌కు కబురంపాడు. ఆయన వడగళ్లలో పరుగెత్తుకొచ్చి తానూ రప్పించాడు.

మరుసటి ఏడాది ఆగస్టులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిష్‌మాన్ అనే శాస్త్రవేత్త ఇదే పని చేశాడు. ఉరుము విని ఇంటికి పరుగెత్తాడు. ఇంటి కప్పు మీది కడ్డీ నుంచి గదిలోకి తెచ్చిన తీగ దగ్గర కొలత చూద్దామని వంగాడు. నీలంగా ఒక నిప్పు ముద్ద నుదుటికి తగిలింది. అక్కడికక్కడే చనిపోయాడు.

ఈ చావులోనే మీ రెండో ప్రశ్నకు జవాబుంది. రిష్‌మాన్ కడ్డీకి కింద ఎర్తింగ్ లేదు. ఉంటే ప్రయోగమే జరగదు, ఆవేశమంతా మట్టిలోకి పోతుంది. ప్రాణం తీసిన కడ్డీ, ప్రాణం కాపాడే కడ్డీ రెండూ ఇనుమే. తేడా అంతా కింది కొసలో ఉంది. తాను ఏటా అచ్చేసే పంచాంగంలో 1753లో ఫ్రాంక్లిన్ ఇచ్చిన సలహా ఇది: ఒక కొస తడి నేలలో 3, 4 అడుగుల లోతున ఉండాలి. రెండో కొస ఇంటికంటే 6 నుంచి 8 అడుగులు పైకి ఉండాలి. దాని చివర స్వెటరు అల్లే సూదంత లావున ఇత్తడి తీగ. దీనికాయన పేటెంటు తీసుకోలేదు.

ఆ సూదిమొన ఎందుకంటే, అది మబ్బులోని ఆవేశాన్ని చప్పుడు లేకుండా పీల్చేస్తుందని, పిడుగే పడదని ఆయన ఆశ. ఇంట్లో చిన్న ఇనుప గుండు దగ్గర సూది పెడితే నిజంగానే అలా జరిగింది. మబ్బు గుండంత ఉండదు కదా! కడ్డీ పిడుగును ఆపలేదు. దూరంగా పోయేదాన్ని పిలవనూ లేదు. తలమీదికి రానే వచ్చిన పిడుగుకు చివరి కొన్ని పదుల మీటర్లలో ఎదురెళ్లి, గోడలోంచి కాకుండా తనలోంచి భూమిలోకి దారి ఇస్తుంది. ఒక్క పిడుగులో సుమారు 30,000 ఆంపియర్లు ప్రవహిస్తాయి. తడి గోడలోంచి పోతే అందులోని నీరు ఆవిరై గోడ పగులుతుంది. మందపాటి లోహానికి మాత్రం అదో క్షణం పని.

సూదిమొనా, గుండు కొసా అని ఇంగ్లండులో పెద్ద తగాదే నడిచింది. 1777లో పర్‌ఫ్లీట్‌లోని మందుగుండు గోదాముల దగ్గర సూదికడ్డీ ఉన్న భవనం మీద పిడుగు పడి కొన్ని ఇటుకలు ఊడాయి. అప్పటికి అమెరికా తిరగబడి ఉంది, ఫ్రాంక్లిన్ శత్రుపక్షం. మూడో జార్జి రాజు తన కడ్డీలకు గుండ్లు పెట్టించాడు. ఇందులో సైన్సుకంటే కోపమే ఎక్కువని నా అనుమానం. తమాషా ఏమిటంటే, న్యూ మెక్సికో కొండల మీద రెండు రకాలూ పక్కపక్కన పెట్టి కొన్నేళ్లు చూసినవాళ్లు 2000లో ఫలితం ప్రకటించారు. పిడుగులు అందుకున్నవి మొద్దు కొసలే.

ఇక మూడోది. కరెంటును ఫ్రాంక్లిన్ కనిపెట్టలేదు. రుద్దిన అంబరు (రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు జిగురు) గడ్డిపరకల్ని లాగుతుందని ప్రాచీన గ్రీకులకే తెలుసు. కరెంటు కొన్ని వస్తువుల్లోంచి పారుతుందని, కొన్నిటిలోంచి పారదని 1729లో స్టీఫెన్ గ్రే చూపించాడు. ఫ్రాంక్లిన్ మనకిచ్చినవాటిలో రోజూ వాడేవి ప్లస్, మైనస్ అనే పేర్లు. ఆవేశం ఎక్కువున్నది ప్లస్, తక్కువున్నది మైనస్; ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది మాత్రం ఊహించి పెట్టాడు. 1897లో తీగలో కరెంటును మోసే కణం ఎలక్ట్రాన్ బయటపడేసరికి అది మైనస్ వైపు తేలింది. అందుకే కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కు పోతుందంటాం, ఎలక్ట్రాన్లేమో మైనస్ నుంచి ప్లస్‌కు పోతాయి. ఆ బాణం గుర్తు తిరగేసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు నా క్లాసులో ఏటా నలుగురైదుగురు ఉండేవాళ్లు.