గోదారి పాయల్ని పక్కనబెట్టు, అబ్బాయ్

అబ్బాయ్,

వ్యాసం చదివాను. చదివించేలా రాస్తావు, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేరాలోనే ఒళ్లు మండింది. పలుచని ద్రవం చిక్కని ద్రవాన్ని నెట్టినప్పుడు పుట్టే వేళ్లలాంటి చీలికల గురించి చెబుతూ, ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమిగా, వశిష్ఠగా విడిపోవడం కూడా అదే అనేశావు. కాదు. డెల్టాలో పాయలు పుట్టేది నది తెచ్చిన ఒండ్రు మేటవేసి దారికి అడ్డం పడటం వల్ల. లంకల మధ్య పెరిగినవాళ్లం, చీలింది ఏది చూసినా మనకి గోదారే గుర్తొస్తుంది, అంతమాత్రాన అది కారణమైపోదు కదా. తీరం దగ్గర బోర్లలోకి ఉప్పునీరు రావడాన్ని కూడా ఇందులో కలపకు. ఉప్పునీటికీ మంచినీటికీ చిక్కదనంలో తేడా చాలా తక్కువ, అక్కడ పనిచేసేది బరువులో తేడా, మనం తోడేసే తోడుడు.

రాసేముందు చేసి చూడు. రెండు గాజు పలకల మధ్య చల్లారిన బెల్లం పాకం కాస్త వేసి నొక్కితే గుండ్రంగా, నున్నటి అంచుతో పరుచుకుంటుంది, ఎందుకంటే అప్పుడు చిక్కనిది పలుచని గాలిని నెడుతోంది. ఇప్పుడు పై పలకని తిన్నగా పైకి లేపు. చుట్టూ ఉన్న గాలి లోపలికి దూరుతూ పాకాన్ని చెట్టుకొమ్మల్లా చీల్చేస్తుంది, పలకలు విడిపోయాక కూడా ఆ పాకం గట్లు కాసేపు అలాగే ఉంటాయి. (పలకలు అతుక్కుపోతే గోరువెచ్చని నీళ్లలో వెయ్యి, చాకు పెట్టి గీకకు.)

ఎందుకలా అన్నది నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అసలు సరుకంతా అక్కడే ఉంది. అంచులో ఎక్కడో ఒక చిన్న వంపు ముందుకొచ్చిందనుకో, దాని ముందు నెట్టాల్సిన చిక్కని ద్రవం తగ్గింది, కాబట్టి అది పక్కవాటికంటే వేగంగా పోతుంది, పోయినకొద్దీ అడ్డు ఇంకా తగ్గుతుంది, వేగం ఇంకా పెరుగుతుంది. మరి అంచంతా వెంట్రుకల్లాంటి సన్న చీలికలుగా ఎందుకు అయిపోదు? ద్రవం అంచుని బిగపట్టి ఉంచే తలతన్యత మరీ సన్న వంపుల్ని చదును చేసేస్తుంది గనక. ఈ రెండింటి లాగుడులోనే ఒక్కో వేలి, అంటే ఒక్కో చీలిక, వెడల్పు తేలుతుంది. సన్నటి కాలువలో నెడితే చివరికి ఒకే వేలు మిగులుతుంది, వేగం పెరిగితే దాని వెడల్పు కాలువ వెడల్పులో దాదాపు సగం దగ్గర ఆగుతుంది. శాఫ్‌మన్, టేలర్ అనే శాస్త్రవేత్తలు 1958లో చూపించింది ఇదే.

వాళ్లకంటే ముందు 1952లో హిల్ అనే ఆయన పంచదార శుద్ధిలో, బొగ్గు నింపిన స్తంభంలోంచి పాకాన్ని నీళ్లతో నెట్టేటప్పుడు ఈ గొడవనే చూశాడు. చెరకు పండే ఊళ్లవాళ్లకి రాస్తూ ఆ సంగతి వదిలేస్తావా? కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్ మీద కూర్చుని చమురు ఊసే లేదు! బావుల్లోకి నీళ్లు పంపి చమురుని బయటికి నెడతారు, చిక్కటి చమురైతే నీరు వేళ్లుగా దూసుకుపోయి ముందే అవతలి బావికి చేరుతుంది, వెనక చమురు చాలా మిగిలిపోతుంది. అందుకే కొన్నిచోట్ల నీళ్లలో పాలిమర్ కలిపి చిక్కబరుస్తారు.

ఈసారి ఫోటోలు తీసి పంపు, పక్కన స్కేలు పెట్టి. లేత పాకంతో ఒకటి, ముదురు పాకంతో ఒకటి. టెన్షన్ పడకు, భాష జోలికి నేను రాను.

ఉంటాను.