రాజేంద్రప్రసాద్ గారిని కామెడీ హీరో అంటే నేను ఒప్పుకోను

"రాజేంద్రప్రసాద్ కామెడీ సినిమాల్లో బెస్ట్ ఏది, కొత్తగా చూసేవాడు దేంతో మొదలెట్టాలి" అని అడిగారు కదా. ఎవర్నడిగినా తడుముకోకుండా అహ నా పెళ్ళంట అనో లేడీస్ టైలర్ అనో చెప్పేస్తారు, తప్పేం కాదు, ఆ రెండూ నాకు డైలాగులతో సహా కంఠతా వచ్చు. కానీ నా జవాబు మాత్రం మిస్టర్ పెళ్ళాం. అసలు ఆ కామెడీ హీరో అనే మాటే నాకు పడదు, ముప్పై ఏళ్ళ నుంచి ఎవరన్నా ఆ మాటంటే గొడవ పెట్టుకుంటూనే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా బాబాయి సంగతి చెప్పాలి.

1994 వేసవి. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో మా అత్త కూతురి పెళ్ళి. నాకు పదమూడేళ్ళు. పెళ్ళికి రెండ్రోజుల ముందే చుట్టాలందరూ దిగిపోయారు, పందిరి వేసేశారు, రాత్రిపూట జనాలకి ఏదో ఒక కాలక్షేపం ఉండాలని మా మావయ్య ఊళ్ళోంచి కలర్ టీవీ, వీసీపీ అంటే వీడియో క్యాసెట్లు వేసే మిషను, అద్దెకి తెప్పించాడు. అది తెచ్చిన కుర్రాడు వైర్లు తగిలించి, నాలుగు క్యాసెట్లు చేతిలో పెట్టి, పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానని వెళ్ళిపోయాడు. బొమ్మ గీతలు గీతలుగా వస్తే ట్రాకింగ్ తిప్పడం, మరీ మసగ్గా ఉంటే మూత తీసి హెడ్డు తుడవడం ఇవన్నీ ఆ పందిట్లో నాకొక్కడికే వచ్చు, అందుకని తెల్లారేదాకా టీవీ పక్కనే నా డ్యూటీ. ముందు పెద్దవాళ్ళ కోసం మాయాబజార్ పెట్టాం, తర్వాత కుర్రాళ్ళ గోల భరించలేక ఒక చిరంజీవి సినిమా, మూడోది మిస్టర్ పెళ్ళాం. బాపు గారి సినిమా అని మా మావయ్య ఏరి తెప్పించాడు.

మా బాబాయి ఒక మిల్లులో గుమస్తా. అంతకు ముందు ఏడాదే ఆ మిల్లు మూసేశారు, రావాల్సిన డబ్బులు కూడా సరిగ్గా ఇవ్వలేదు. పిన్ని ఇంటర్ దాకా చదువుకుంది కాబట్టి దగ్గర్లో ఉన్న కాన్వెంట్లో టీచరుగా చేరింది, ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. పెళ్ళిళ్ళలో చుట్టాలు ఎలా ఉంటారో మీకు తెలుసు కదా, మంచినీళ్ళు ఇవ్వకముందే "ఏరా, ఇంకా ఏం దొరకలేదా" అని అడుగుతారు. వచ్చిన ప్రతివాడూ అదే ప్రశ్న. బాబాయి నవ్వి ఊరుకునేవాడు. ఇంటి దగ్గర పిల్లకి జడ వేసేది, స్నానం చేయించేది అంతా తనే అని మాకు తెలుసు, అక్కడ పెళ్ళివారింట్లో మాత్రం ఆ పిల్ల దగ్గరికి కూడా వెళ్ళలేదు, మగాళ్ళతో పాటు అరుగు మీద పేకాట దగ్గర కూర్చున్నాడు, ఆడటానికి డబ్బుల్లేవు కాబట్టి ఊరికే చూస్తూ.

మిస్టర్ పెళ్ళాం కథ తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. రాజేంద్రప్రసాద్ బ్యాంకు ఉద్యోగి, అక్కడ డబ్బు పోతే ఇతని మీదకి వచ్చి ఉద్యోగం పోతుంది. ఆమని భార్య, ఆవిడ ఉద్యోగానికి వెళ్తుంది, ఇతను ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ వంట చేస్తుంటాడు. ఆవిడ పైకి వెళ్ళేకొద్దీ ఇతనికి లోపల ఉడుకుతుంది. ఏవీఎస్ తుత్తి తుత్తి అంటూ పేరు తెచ్చుకుంది ఈ సినిమాతోనే. ఆ వంటింటి సీన్లు రాగానే పందిట్లో ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు, మా దూరపు బంధువొకాయన వెనక నుంచి గట్టిగా "ఇది మనవాడి కథే కదరా" అని బాబాయి పేరు పెట్టి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. పిన్ని తలవంచుకుని చీర కొంగు సర్దుకుంటోంది. బాబాయి లేచి చెరువు గట్టు వైపు వెళ్ళిపోయాడు.

సినిమా అయిపోయింది, నాలుగో క్యాసెట్ సగంలో ఉండగానే జనం ఎక్కడివాళ్ళక్కడ చాపల మీద పడి నిద్రపోయారు. మూడున్నర అయ్యుంటుంది, బాబాయి వచ్చి నా పక్కన కూర్చుని "అబ్బాయ్, ఇందాకటి క్యాసెట్ మళ్ళీ పెట్టు, సౌండ్ తగ్గించి" అన్నాడు. రివైండ్ చేసి పెట్టాను. ఇద్దరమే చూశాం. ఒక్కసారి కూడా పైకి నవ్వలేదు ఆయన. అదే వంటింటి సీన్లు, ఇందాక జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్విన చోట ఈయన ముందుకి వంగి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఒక చోట ఆపమన్నాడు, కొంచెం వెనక్కి తిప్పమన్నాడు, మళ్ళీ చూశాడు, "వీడు గడగడా మాట్లాడుతున్నాడు చూడు, మాట ఆగితే బయటపడిపోతాడని" అన్నాడు. అంతే. ఇంకేం మాట్లాడలేదు.

తెల్లారాక బావి దగ్గర అందరూ ఉండగానే బాబాయి పిల్లని కూర్చోబెట్టి తల రుద్ది స్నానం చేయించి జడ వేశాడు. ఆ దూరపు బంధువు పళ్ళపుల్ల నములుతూ అక్కడే నిలబడి ఉన్నాడు, ఆయన్ని చూస్తూనే వేశాడు. అది ఆ సినిమా వల్లే జరిగిందని నేనంటాను, "ఇంటి దగ్గర రోజూ చేసేదేగా, సినిమా ఏంటి నీ మొహం" అని మా అమ్మ అంటుంది. అమ్మ ఆ రాత్రి టీవీ దగ్గర లేదు, నేనున్నాను. కాబట్టి నా మాటే నిజం.

ఇప్పుడు అసలు విషయం. ఆయన సినిమాలన్నీ వరసగా పెట్టి చూడండి, అన్నిట్లోనూ కథ మొదలయ్యేది ఒక అవసరం దగ్గర. లేడీస్ టైలర్ లో సుందరానికి కష్టపడకుండా దశ తిరగాలి, అందుకే కోయదొర మాట నమ్మి పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతుకుతాడు. పెళ్ళి పుస్తకంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పెళ్ళే కాలేదని చెప్పి ఒకే ఆఫీసులో ఉద్యోగం చేస్తారు, డబ్బు ఇబ్బంది వల్ల. రాజేంద్రుడు గజేంద్రుడులో తన తిండికే గతిలేనివాడికి లాటరీలో ఏనుగు తగులుతుంది. ఏప్రిల్ 1 విడుదలలో దివాకరానికి హీరోయిన్ శోభన కావాలి, దానికోసం అప్పులు చేసి అబద్ధాలాడతాడు, చివరికి అబద్ధమే ఆడనని ఒప్పందం రాసిచ్చి ఇరుక్కుంటాడు. అహ నా పెళ్ళంటలో అయితే డబ్బున్న ఇంటి పిల్లాడే, అయినా కథ ఏం చేస్తుందంటే ఆ డబ్బు వదిలేయించి కోట శ్రీనివాసరావు పిసినారితనం ముందు ఇతన్ని ఆకలితో కూర్చోబెడుతుంది, పైన కోడిని వేలాడదీసి ఒట్టన్నం తింటుంటే పక్కన కూర్చుని చూడాలి. ఎక్కడా ఈ మనిషి నవ్వించాలని నవ్వించడు. అతనికి ఏదో అర్జెంటుగా కావాలి, దొరకట్లేదు, ఆ కంగారు చూసి మనం నవ్వుతాం. మన హీరోలు కామెడీ చేసినా పరువు మాత్రం పోనివ్వరు, సీను చివర్లో ఒక ఫైటో పంచ్ డైలాగో పెట్టుకుని లెక్క సరిచేసుకుంటారు. ఈయన పరువు పోగొట్టుకుని అలాగే నిలబడతాడు. ఆ ధైర్యం ఇంకెవరికీ లేదు, ఇది నా ఫైనల్ మాట.

ఇంకోటి ఆయన గొంతు. హీరో కాకముందు మద్రాసులో డబ్బింగులు చెప్పుకుని బతికాడు ఆయన. బాపు గారు తీసిన 'స్నేహం' 1977లో మొదటి సినిమా అయితే, వంశీ గారి 'ప్రేమించు పెళ్ళాడు'తో హీరో అయ్యేసరికి 1985 వచ్చింది. అన్నేళ్ళు వేరేవాళ్ళ పెదాలకి తన మాట అతికించినవాడికి ఊపిరి ఎక్కడ ఆపాలో, మాట ఎక్కడ తడబడాలో తెలియకుండా ఎలా ఉంటుంది. ఏప్రిల్ 1 విడుదల ఒకసారి బొమ్మ చూడకుండా వినండి, మిగతా పని చేసుకుంటూ, నేను చాలాసార్లు అలా విన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు ఉన్న స్పీడు నిజం చెప్పాల్సి వచ్చేసరికి ఎలా పడిపోతుందో చెవికే తెలిసిపోతుంది.

ఇక్కడ నాకున్న పెద్ద కంప్లెయింట్ ఏంటంటే ఈ కామెడీ బిట్లు. టీవీల్లో మొదలెట్టారు, ఇప్పుడు ఫోన్లలో మరీ ఎక్కువైంది, సినిమాని రెండేసి నిమిషాల ముక్కలుగా కోసి, దానికి వెనక బొయ్ బొయ్ మని సౌండులు తగిలించి వదులుతున్నారు. ముందు అప్పు ఎందుకు చేశాడో తీసేసి, అప్పులవాడు తరుముతుంటే పరిగెత్తేది మాత్రం ఉంచుతారు. అలా చూసి పెరిగిన పిల్లలు ఈయన్ని ఓవర్ యాక్షన్ అంటున్నారు. మా అన్నయ్య కొడుకు కూడా అన్నాడు, వాణ్ణి కూర్చోబెట్టి పెళ్ళి పుస్తకం మొత్తం చూపించాను, అయిపోయాక ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసుకుని వెళ్ళాడు కానీ మర్నాడు, అందులో బాస్ గా వేసిన గుమ్మడి గారు ఇంకా ఏ సినిమాల్లో చేశారని అడిగాడు. అది చాలు నాకు. ప్రింట్ల సంగతి ఇంకా ఘోరం, పాత స్టార్ల మాస్ సినిమాలన్నీ కొత్తగా కడిగి మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారు, జనం పాలాభిషేకాలు చేస్తున్నారు, సంతోషమే, మరి ఏప్రిల్ 1 విడుదలకి ఆ మర్యాద ఎందుకు లేదు? ఇళయరాజా పాటలు థియేటర్ సౌండులో వినాలని మాకు ఉండదా?

ఆయన కామెడీ హీరో కాదనడానికి నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది, నంది అవార్డులు. ఉత్తమ నటుడిగా నంది 'ఎర్రమందారం' సినిమాకి వచ్చింది, తర్వాత 2004లో 'ఆ నలుగురు' సినిమాకి వచ్చింది. రెండూ నవ్వుల సినిమాలు కావు. అంటే ఇచ్చేవాళ్ళకి ఎప్పుడో తెలుసు, మనమే ఇంకా నవ్వుల దగ్గర ఆగిపోయాం. అలాగని నవ్వించినందుకు అవార్డు ఇవ్వకపోవడం కూడా నాకు కోపమే, మిస్టర్ పెళ్ళాంకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, బాగుంది, ఆ సినిమాని భుజాన మోసినవాడికి ఏమిచ్చినట్టు? ఏడిస్తేనే నటన అనుకునే అలవాటు మనకి ఎప్పుడు పోతుందో.

ఆ నలుగురు గురించి జనం చెప్పేది ఎప్పుడూ ఆ చివరి అంతిమయాత్ర, బాలుగారి పాట. నాకు మాత్రం ఆ సినిమాలో తగిలేది వేరే. మిస్టర్ పెళ్ళాంలో ఉన్న ఆమనే పదకొండేళ్ళ తర్వాత ఇందులోనూ భార్య. అక్కడ అలిగి, పోట్లాడి, పౌరుషానికి పోయిన మొగుడు ఇక్కడ జుట్టు నెరిసి, ఎవరితోనూ పోట్లాడే ఓపిక లేక, పిల్లల కోసం అప్పుకి వెళ్ళి నిలబడతాడు. ఇచ్చేవాడు మళ్ళీ కోట గారు, మళ్ళీ పిసినారే! అహ నా పెళ్ళంటలో వీళ్ళిద్దరినీ చూసి నవ్వినవాళ్ళకి ఇక్కడ గొంతు పట్టేస్తుంది. ఆయన నటనలో ఏమీ మారలేదు చూడండి, అదే అవసరం, అదే కంగారు, వయసు మీదపడిందంతే. కోట గారు 2025లో పోయారు, ఆ రోజు రాత్రి నేను ఈ రెండు సినిమాలూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూశాను. మీకు వీలైతే అలాగే చూడండి.

ఈ మధ్య ఆయన చేసే పాత్రలు చాలావాటిలో నాకు తృప్తి లేదు. మహానటిలో సావిత్రి పెదనాన్న చౌదరి గారుగా చేశారు, అక్కడ మాత్రం పాత ఆయన కనిపించారు, గదమాయిస్తూ ఉండే మనిషి లోపల డబ్బు ఆశ, ప్రేమ రెండూ కలగలిసిపోయి ఉంటాయి, ఏది ఎంతో మనకి తేలదు. మిగతా చాలా చోట్ల హీరో తండ్రో, మావగారో, రెండు అరుపులు అరిపించి పంపించేస్తున్నారు. రాసేవాళ్ళు ఆయనకి ఒక అవసరం రాయండయ్యా, చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు.

సరే, మీరడిగింది దేంతో మొదలెట్టాలని. మిస్టర్ పెళ్ళాంతో మొదలెట్టండి, వీలైతే ఒంటరిగా, రాత్రిపూట చూడండి. తర్వాత పెళ్ళి పుస్తకం, ఆ తర్వాత ఏప్రిల్ 1 విడుదల. లేడీస్ టైలర్ నాలుగోది, అందులో కొన్ని మాటలు ఇప్పటి పిల్లలకి మోటుగా అనిపించొచ్చు, అయినా ఆఖర్లో సుందరం తప్పు తెలుసుకున్నాక ఆ మొహం కోసం చూడాలి. అహ నా పెళ్ళంట ఐదోది, ఎందుకంటే అప్పటికి మీకు ఆయన ఎలాంటి నటుడో తెలిసుంటుంది, నవ్వుతూనే ఆయన కళ్ళు కూడా చూస్తారు. ఆ నలుగురు ఆఖరున పెట్టుకోండి.

మా బాబాయి కూడా ఇదే వరస చెప్తాడు, ఒక్క తేడా, లేడీస్ టైలర్ ముందుకి జరుపుతాడు. మిల్లు పోయిన రెండేళ్ళకి ఆయన ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడానికి చేరాడు, పిన్ని రిటైరయ్యేదాకా ఆ కాన్వెంట్లోనే చేసింది. ఇప్పుడు ఇద్దరూ కూతురి దగ్గర ఉంటున్నారు, పొద్దున్నే మనవరాలికి జడ వేసి బడికి పంపేది బాబాయే.