ఆ రాత్రి ఏం జరిగిందో రాయలేదు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. బడి నుంచి రాగానే ఏం జరిగిందని ఎంత అడిగినా ‘ఏమీ లేదు’ అంటాడు. సాయంత్రం పాలకు వెళ్తూ మామగారితో మాత్రం గుసగుసలాడతాడు. ఆ మధ్య లెక్కల్లో 25కి 4 వచ్చాయని నాకు చెబితే, మావారికి చెప్పాను. ఆయన కాస్త కోప్పడ్డారు. అప్పటి నుంచీ ఇంతే. వాడు మనసు విప్పాలంటే ఏయే ప్రశ్నలు అడగాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ప్రశ్నల జాబితా నేనివ్వను. ఉన్నవే ఎక్కువయ్యాయి. మీ ఆయన ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలో నిలబెట్టి ఆరా తీస్తారా? కాఫీ ఇచ్చి ఊరుకుంటారు. వాడికీ ఏదైనా పెట్టి ఊరుకోండి.

నన్ను ఆపింది ‘కాస్త కోప్పడ్డారు’ అన్న మాట. కొట్టి ఉంటే కొట్టారనే రాయండి. బడిలో టీచరు చెయ్యి చేసుకుంటే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పు. అదే పని తండ్రి చేస్తే ‘కాస్త కోపం’ అయిపోతుందా?

వాడు పేపరు దాచలేదు, మీ దగ్గరికి తెచ్చాడు. రాత్రికల్లా అది వాళ్ల నాన్న చేతిలో ఉంది. ఎందుకు చెప్పారో నాకు తెలుసు. రేపు తెలిస్తే ‘నా దగ్గర దాస్తావా’ అని ఆయన మీ మీద పడతారు. ఆ మాట పడలేక పిల్లవాణ్ణి ముందుకు తోశారు. కటువుగా ఉందా? ఉండనివ్వండి. భర్తంటే మీకున్న బెరుకు తీరకుండా కొడుకు నోరు తెరవడు.

వాడు నిద్రపోయాక మీవారితో చెప్పండి: ‘వాడు నాకు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీకు తెలియాల్సింది వాడే చెబుతాడు, నేను పక్కన కూర్చుంటాను.’ ఆయన గొంతు పెంచితే మీరు పెంచకండి, మాట మాత్రం మార్చకండి. ఎవరైనా కొట్టినా, తాకరాని చోట చెయ్యి వేసినా ఆ విషయం దాచేది కాదని పిల్లవాడికి ముందే చెప్పి ఉంచండి. అలాంటిదేమైనా బయటపడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి.

మామగారిని మాత్రం ‘వాడేం చెప్పాడు’ అని అడగకండి. ఆ పాల దారి కూడా మూసుకుపోతుంది. పెద్దాయన మాట దాచగలిగినందుకు సంతోషించాల్సింది పోయి, కినుక వహించారు మీరు.

‘నీ మార్కుల సంగతి నిన్ను అడక్కుండా నాన్నకు చెప్పడం నా తప్పు’ అని వాడితో అనండి. వెంటనే కరగడు. కొన్నాళ్లకు పెన్సిలు పోయిందనో, పక్కవాడు గిల్లాడనో చెప్పి, రాత్రి అన్నాల దగ్గర మీ ముఖం, వాళ్ల నాన్న ముఖం మార్చి మార్చి చూస్తాడు. ఆ పూట మీరు పప్పు వడ్డించడం తప్ప ఇంకేమీ చెయ్యకండి.