స్కానర్‌కు నూనె మరక కనిపించదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా పెట్రోల్ కారు 2008 మోడల్. పొద్దున కారు తీసి చూస్తే వాకిట్లో షాబాద్ బండల మీద అరచేయంత నూనె మరక ఉంటోంది. షెడ్డులో చూపిస్తే ఇంజిన్ దించాలన్నారు. ఇంట్లోనే బాగు చేసుకుందామని ఆన్‌లైన్‌లో కారు లోపాలు చదివే బ్లూటూత్ స్కానర్ తెప్పించాను. పెట్టెలోని కాగితం మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి యాప్ వేసుకున్నాను. కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్ అనుమతులు అడిగితే ఇచ్చాను. అది ఒకసారి కనెక్ట్ అవుతుంది, ఒకసారి కాదు. అయినప్పుడు ఏ లోపమూ లేదంటోంది. ఇంకా ఖరీదైన స్కానర్ కొనాలా?

జవాబు: వద్దు. ముందు ఆ యాప్ తీసేయండి. నూనె సంగతి తర్వాత చూద్దాం.

జడ్చర్ల నుంచి, దేవరకొండ నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అందరూ లీకు గురించే అడుగుతున్నారు. ఎస్సెమ్మెస్ అనుమతి ఎందుకిచ్చామా అని ఒక్కరూ అడగడం లేదు. నాకు భయం అక్కడే. కారులోని కంప్యూటర్‌తో బ్లూటూత్‌లో మాట్లాడే యాప్‌కు మీ మెసేజ్‌లతో ఏం పని? బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ మెసేజ్‌లలోనే. ప్లే స్టోర్‌లో లేని యాప్, ఎవరు రాశారో తెలియని యాప్, ఓటీపీ చదవగల యాప్... ఈ మూడూ ఒకేచోట కలిస్తే ఖాతా తాళంచెవి పరాయివాళ్ల చేతిలో పెట్టినట్టే. మీ యాప్ దొంగదే అని నేను అనడం లేదు. కాదని తెలుసుకునే దారి మీకూ లేదు, నాకూ లేదు. అలాంటిదాన్ని ఫోన్‌లో ఉంచుకోకూడదు.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనే చోట్ల దాని పేరు ఉందేమో చూడండి. ఉంటే అక్కడ ఆపేశాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే అది పోకుండా మొరాయిస్తుంది. సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి, అక్కడి నుంచి యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. డబ్బు కదిలినట్టు మెసేజ్ వస్తే టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

బ్లూటూత్ స్కానర్ యాప్ అడగాల్సిన అనుమతులు చాలా తక్కువ. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ ఇస్తే సాధారణంగా సరిపోతుంది. అంతకుముందు వెర్షన్లలో బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ కూడా కావాలి, ఆ మేరకు అడగడం న్యాయమే. కాంటాక్ట్స్ ఎందుకు? ఈ చవక పరికరాలు చేసేవాళ్లు హార్డ్‌వేర్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా యాప్ మీద పెట్టరు. చాలావాటికి బ్లూటూత్ జత చేసే పిన్ 1234, లేదంటే 0000. కారు పక్కన నిలబడ్డవాడెవడైనా జత చేసుకోవచ్చు. పైగా స్కానర్ గుచ్చే సాకెట్‌లో 16వ పిన్‌కు తాళంచెవి తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. పరికరాన్ని అలాగే వదిలేస్తే రాత్రంతా బ్యాటరీని తాగుతుంది. పని కాగానే పీకేయండి.

ఇక అది లీకును ఎందుకు చూపించలేదంటే, చూపించే వీలే లేదు. సెన్సర్లు చెప్పినదే స్కానర్ చెబుతుంది. ప్యాకింగ్ (అతుకుల మధ్య నూనె కారకుండా వేసే గాస్కెట్) పక్కనుంచి నూనె కారుతోందని చెప్పే సెన్సర్ మీ కారులో ఎక్కడా లేదు. డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే నూనె డబ్బా గుర్తు కూడా ప్రెజర్ పడిపోయాకే వెలుగుతుంది, నూనె కొంచెం తగ్గితే కాదు. అది వెలిగాక ఇంకో కిలోమీటరు పోదామనుకుంటే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకసారి కనెక్టై ఒకసారి కాకపోవడానికి కూడా కారణముంది. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 (కారు లోపాలను స్కానర్‌కు ఒకే తీరులో చెప్పే పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. 2008 నాటి మీ కారులో అదే ఆకారంలో సాకెట్ ఉన్నా, లోపల భాష అదే కావాలని లేదు. అమ్మేవాళ్లు మాత్రం ‘అన్ని కార్లకూ’ అని అట్టపెట్టె మీద అచ్చేస్తారు. కొనేవాళ్లు దాన్ని నమ్మడం మానితే తప్ప ఇది ఆగదు.

లీకు పట్టడానికి కావాల్సింది ఒక టార్చి, పాత బట్ట, ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా. ఇంజిన్ పూర్తిగా చల్లారాక జిడ్డంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి తుడవండి. ఆరాక అనుమానం ఉన్న అతుకుల మీద పౌడర్ చల్లండి. బెల్టుల మీద పడనివ్వకండి. పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద సన్నగా ముదురు గీత దిగుతుంది. ఆ గీత పైకొస ఎక్కడుందో లీకు అక్కడే. నూనె ఎప్పుడూ కిందకే కారుతుంది కాబట్టి బొట్టు పడే చోటు చూసి మోసపోకూడదు.

నల్లగొండలో మా మేనమామ కారుకు చాంబర్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) ప్యాకింగ్ రెండుసార్లు మార్చారు, మరక మాత్రం ఆగలేదు. పౌడర్ చల్లి చూస్తే గీత పైన టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) వెనక మూల నుంచి మొదలైంది. కవర్ విప్పితే, రబ్బరులా వంగాల్సిన ప్యాకింగ్ వేళ్ల మధ్య టక్కున విరిగింది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి కాలి, పైన మన వేసవి ఎండ తోడై, ఎండిన బెల్లం అచ్చులా గట్టిపడింది. అది కొత్తది వేస్తే సరిపోయింది.

టాపెట్ కవర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ఆయిల్ ఫిల్టర్... ఈ మూడూ ఇంట్లో మార్చుకోవచ్చు. కవర్ బోల్టులకు చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగింపు చాలు. బలమంతా పెట్టి పానా తిప్పితే అల్యూమినియం మర అరిగి ఖర్చు రెట్టింపవుతుంది. గాస్కెట్ పేస్టు మాన్యువల్ చెప్పిన చోట్ల మాత్రమే, పల్చగా పూయాలి. ఎక్కువైనది లోపలికి ఊడి పడి నూనెను పైకి లాగే జాలీకి అడ్డంపడుతుంది. కొత్త ప్యాకింగ్ వేసేముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే కవాటం) కూడా చూడండి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎన్ని ప్యాకింగులు మార్చినా నూనె ఇంకోచోటు నుంచి తన్నుకొస్తుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి కారుతుంటే అది వెనక ఆయిల్ సీల్ కావచ్చు. అది షెడ్డు పనే. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి ఎవరూ దూరకండి. కింద స్టాండ్లు పెట్టాకే దూరండి.

గీత కనిపించగానే ఫొటో తీసుకోండి. ఇంజిన్ ఎందుకు దించాలో ఆ ఫొటో మీద వేలు పెట్టి చూపించమని షెడ్డులో అడగండి.

ప్రశ్న: ఇంజిన్ సందుల్లో చూడటానికి ఫోన్‌కు తగిలించే తీగ కెమెరా కొన్నాను. ఆండ్రాయిడ్ అప్‌డేట్ వచ్చాక దాని యాప్ తెరుచుకోవడం లేదు. పాత వెర్షన్‌కు వెళ్లొచ్చా? (వనపర్తి)

జవాబు: కెమెరా కోసం ఫోన్ భద్రతా అప్‌డేట్లు వదులుకోకండి. తప్పు అప్‌డేట్‌ది కాదు, ఒకసారి రాసి వదిలేసిన యాప్‌ది. పరికరం అమ్మాక యాప్‌ను పట్టించుకోకపోవడం సగం పరికరమే అమ్మినట్టు, దానికి పూర్తి ధర తీసుకోవడం అన్యాయం. మీది యూఎస్‌బీ రకమైతే ల్యాప్‌టాప్‌కు తగిలించి విండోస్‌లో ఉండే కెమెరా యాప్ తెరవండి. చాలా తీగ కెమెరాలు మామూలు వెబ్‌క్యామ్‌లా పనిచేస్తాయి. ఫోన్‌లోనే కావాలంటే ప్లే స్టోర్‌లోని యూఎస్‌బీ కెమెరా యాప్ ఏదైనా ప్రయత్నించండి. వైఫై రకమైతే అది చాలావరకు పాస్‌వర్డ్ లేని సొంత నెట్‌వర్క్ పెడుతుంది, పక్కింటివాళ్లు కూడా చేరిపోవచ్చు. దానికి సిమ్, బ్యాంకు యాప్‌లు లేని పాత ఫోన్ ఒకటి పక్కన పెట్టుకోండి. ఇంజిన్ చల్లారాకే తీగ లోపలికి దూర్చండి, సైలెన్సర్ గొట్టం వేడికి మొన కరుగుతుంది.