నోరు తెరిచే నిద్రపోతున్నాడు.. ఎడినాయిడ్స్ తీయించాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. ఏడాదిగా నెలకోసారి జలుబు, గొంతునొప్పి, చెవిపోటు. రాత్రంతా నోరు తెరిచే పడుకుంటాడు, గురక. ఎక్స్‌రే తీసి ఎడినాయిడ్స్ పెరిగాయి, తీసేయాలన్నారు. తీసేస్తే రోగనిరోధక శక్తి పోతుందని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. చెవిపోటుకు వెల్లుల్లి నూనె పోస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఓ తల్లి, చిత్తూరు

జవాబు: ముందు ఆ నూనె ఆపించండమ్మా. నొప్పి ఉన్నది కర్ణభేరి వెనక, నూనె ఆగేది ముందు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే మాత్రం లోపలికే పోతుంది, అది ఇంకా చేటు.

ఎడినాయిడ్ ముక్కు వెనక ఉండే గ్రంథి. టాన్సిల్స్‌లా నోరు తెరిస్తే కనబడదు. మూడు నుంచి ఏడేళ్ల మధ్య బాగా పెరిగి, తర్వాత దానంతటదే చిన్నదవుతుంది. తీసేసినా రోగాలతో పోరాడే పని చేసే గ్రంథులు ఒంట్లో ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి మీ అత్తగారికి ఆ భయం అక్కర్లేదు. అలాగని ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. తేల్చాల్సింది బాబు నిద్ర, వినికిడి.

ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే గొట్టం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. పెరిగిన ఎడినాయిడ్ వల్ల దాని మూతి మూసుకుపోతే చెవిలో జిగురు చేరుతుంది. నొప్పి ఉండదు, వినికిడి తగ్గుతుంది. ‘వీడికి పొగరు డాక్టర్, పిలిస్తే పలకడు’ అంటూ వచ్చే తల్లులను ఓపీలో చూస్తుంటాను. కర్ణభేరి సరిగా కదులుతోందా అని చూసే టింపనోమెట్రీ పరీక్ష చేస్తే తెలుస్తుంది, అది పొగరు కాదని. టీవీ సౌండ్ పెంచుతున్నాడా గమనించండి.

సెలైన్ చుక్కలతో పాటు డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ స్ప్రే ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడాలి. చాలామంది నాలుగు రోజులు కొట్టి పని చేయలేదంటారు. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. రెండు ముక్కు రంధ్రాల నడిమి గోడకు తగలకూడదు. పడగ్గదిలో దోమల కాయిల్ వద్దు. ప్రతి జలుబుకీ మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ కొనొద్దు, ఎక్కువ జలుబులు వైరస్‌వే.

చెవిలో జిగురు 3 నెలలైనా తగ్గక వినికిడి దెబ్బతిన్నా, నిద్రలో ఊపిరి ఆగుతున్నా ఆపరేషన్ మంచిదే. గొంతునొప్పికి టాన్సిల్స్ తీయాలంటే ఏడాదిలో 7 సార్లో, వరుసగా రెండేళ్లు ఏటా 5 సార్లో గట్టిగా వచ్చి ఉండాలి. మామూలు జలుబులు లెక్కలోకి రావు. అందుకే జ్వరం, తేదీ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి.

చెవి వెనక వాపు వచ్చి చెవి ముందుకు పొడుచుకొస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేదంటే ఈ రాత్రి బాబు గాఢనిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఛాతీ, నోరు కనబడేలా ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి. గురక మధ్యలో ఆగి, ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతోందా? చిత్తూరులోనో, తిరుపతి రుయా ఆసుపత్రిలోనో ఈఎన్‌టీ డాక్టర్‌కు ఎక్స్‌రే కంటే ముందు అది చూపించండి.